ఓమాన్ ప్రయాణం - తారీఖు, తవారీఖు

ఉర్దూలో 'తారీఖ్' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి తేదీ, రెండవది చరిత్ర. తెలుగులోకి వచ్చేసరికి మొదటి అర్థమే మిగిలింది. "ఈ రోజు తారీఖు ఎంత?" అని అడుగుతామేగాని, "మన ఊరి తారీఖు ఏమిటి?" అని అడగము. ప్రయాణం తలపెట్టినవారికి మాత్రం ఈ రెండూ కావాలి. ఎప్పుడు బయలుదేరాలో తెలియాలి. వెళ్ళే చోట ఇదివరలో ఏం జరిగిందో కూడా తెలియాలి. మొదటిది తెలియకపోతే శరీరానికి కష్టం. రెండవది తెలియకపోతే ఖర్చు పెట్టిన సొమ్ము దండగ.

మన సంఘ సభ్యుల కుటుంబాలలో మస్కట్ పేరు వినని ఇల్లు వుండదు. తమ్ముడో, కొడుకో, అల్లుడో అక్కడ పనిచేసినవాళ్ళే. కడప, రాయచోటి, జగిత్యాల, నిజామాబాదు, గోదావరి జిల్లాలు ఎక్కడ చూసినా యిదే మాట. మనకు మస్కట్ అంటే నెల నెలా వచ్చే డబ్బు, రెండేళ్ళకొకసారి వచ్చే సెలవు, విమానాశ్రయంలో కన్నీళ్ళు. అంతే. పన్నెండేళ్ళు అక్కడ వుండి వచ్చినవాడిని "ఓమాన్ ఎలా వుంటుంది?" అని అడిగితే, "ఎండ ఎక్కువ, రోడ్లు బాగుంటాయి" అంటాడు. అతని తప్పు కాదు. పనిచేసే చోటు, పడుకునే గది తప్ప అతనికి చూసే తీరిక ఎవరిచ్చారు?

ఇప్పుడు కొన్ని కుటుంబాలవారు పిల్లల దగ్గరకు ఒకసారి వెళ్ళిరావాలని అనుకుంటున్నారు. ఉమ్రాకు పోయి వచ్చే దారిలో నాలుగు రోజులు ఆగుదామనుకునే పెద్దలూ వున్నారు. అటువంటివారికి ఉపయోగపడాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఎప్పుడు వెళ్ళాలి?

ఓమాన్‌కు మూడు వేల కిలోమీటర్లకు పైగా సముద్రతీరం వుంది. ఎండాకాలంలో మస్కట్‌లో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. మే, జూన్, జూలై నెలల్లో పెద్దవాళ్ళను తీసుకొని కోటలు ఎక్కడం కుదిరే పని కాదు. నవంబరు వచ్చేసరికి పగటి వేడి 30 డిగ్రీల దగ్గరకు దిగుతుంది, రాత్రి చల్లబడుతుంది. కాబట్టి మన శరదృతువు చివర, అంటే కార్తీక మాసం రోజులు, అక్కడికి వెళ్ళడానికి తగిన సమయం.

ఇక్కడ ఒక మాట. మన రైతులు 'ఖరీఫ్' అనీ 'రబీ' అనీ రోజూ అంటుంటారు. రెండూ అరబీ మాటలే. అరబీలో 'రబీ' అంటే వసంతం, 'ఖరీఫ్' అంటే శరత్తు, పండ్లు కోసే కాలం. మొగలాయీల కాలపు రెవెన్యూ లెక్కల ద్వారా ఈ మాటలు మన పల్లెల దాకా వచ్చాయి. పంట ఏ కాలంలో కోతకు వస్తుందో ఆ కాలం పేరు పంటకు పెట్టారు. మనకు మాత్రం ఖరీఫ్ అంటే వానకాలపు సేద్యం అని స్థిరపడిపోయింది. విచిత్రమేమంటే, ఓమాన్ దక్షిణాన వున్న ధోఫార్ ప్రాంతంలో కూడా ఖరీఫ్ అంటే వానకాలమే. జూన్ 21 మొదలు సెప్టెంబరు 21 వరకు అక్కడి కొండల మీద మంచు, తుంపర్లు కమ్ముకొని పచ్చగడ్డి మొలుస్తుంది. మన పొలాలు తడిపే నైరుతి ఋతుపవనాలే ఆ కొండలనూ తాకుతాయి. ఆ తర్వాత వచ్చే మూడు నెలలను వాళ్ళు 'సర్బ్' అంటారు. తుంపర ఆగిపోయి, పచ్చదనం యింకా మిగిలి, ఎండ హాయిగా వుండే రోజులవి.

గాలి చెప్పిన తేదీలు

ఇప్పుడు హైదరాబాదులో విమానం ఎక్కితే మూడున్నర గంటల్లో మస్కట్‌లో దిగవచ్చు. పూర్వం అలా కాదు. ప్రయాణం తేదీని గాలి నిర్ణయించేది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి నైరుతి నుంచి వీస్తుంది. నవంబరు నుంచి మార్చి వరకు ఈశాన్యం నుంచి వీస్తుంది. అరబ్బు నావికులు దీన్ని బాగా కనిపెట్టారు. నైరుతి గాలి ఉధృతంగా వున్న జూలై నెలలో ఓడలు కదిలేవి కావు. ఆ గాలి సన్నగిల్లే ఆగస్టు చివర, సెప్టెంబరులో అరబ్బు తీరం నుంచి మన దేశానికి ఓడలు వచ్చేవి. ఈశాన్యం గాలి నిలదొక్కుకున్నాక ఇక్కడి నుంచి అక్కడికి పోయేవి. అంటే శరత్తు మొదట్లో రావడానికి, చివర్లో పోవడానికి సముద్రం తలుపు తెరిచేదన్నమాట. అరబీలో కాలాన్ని 'మౌసిమ్' అంటారు. మన ఉర్దూ 'మౌసమ్' అదే. పోర్చుగీసువారి నోట పడి చివరకు ఇంగ్లీషువాళ్ళ 'మాన్‌సూన్' అయిందీ అదే.

మన హిజ్రీ సంవత్సరం చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది గనుక ఋతువులతో కలిసి నడవదు. ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. అందువల్ల నావికులు ఓడ ప్రయాణానికి మరొక లెక్క పెట్టుకున్నారు. నౌరోజు మొదలుకొని రోజులు లెక్కించి, ఫలానా రోజున ఫలానా రేవు నుంచి బయలుదేరాలని రాసుకునేవారు. 15వ శతాబ్దంలో జుల్ఫార్ రేవులో పుట్టిన అహ్మద్ బిన్ మాజిద్ ఈ విద్యలో ప్రసిద్ధుడు. ఆనాడు ఓమాన్ తీరంగా భావించిన ఆ చోటు నేడు రాస్ అల్ ఖైమాలో వుంది. వాస్కోడగామాకు కాలికట్టు దారి చూపినవాడు ఇతడేనని చాలా పుస్తకాల్లో కనబడుతుంది. నేటి చరిత్రకారులు దానిని ఒప్పుకోవడం లేదు. పిల్లలకు పాఠం చెప్పేవారు ఈ సంగతి గమనించాలి.

మన తెలుగు తీరం కూడా ఈ వర్తకానికి కొత్త కాదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన 'పెరిప్లస్' అనే సముద్రయాన గ్రంథంలో ధోఫార్ సాంబ్రాణి గురించి వుంది. అదే గ్రంథంలో 'మసాలియా' అనే పేరుతో మన మచిలీపట్నం ప్రాంతం, అక్కడ నేసే సన్నని బట్టల ప్రస్తావన కూడా వుంది. 17వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం నుంచి ఎర్ర సముద్రం రేవులకూ, పర్షియా తీరానికీ ఓడలు పోయేవి. హజ్ యాత్రికులూ వాటిలో వెళ్ళేవారు.

మస్కట్, ముత్రహ్

హిజ్రీ 8వ సంవత్సరం ప్రాంతంలో, అంటే సుమారు క్రీ.శ. 630లో, మహాప్రవక్త (స.అ.స.) వారి లేఖను తీసుకొని హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి.) ఓమాన్ వెళ్ళారు. అక్కడి పాలకులు జైఫర్, అబ్ద్ అనే అన్నదమ్ములు. కత్తి దూయకుండానే వారు ఇస్లాంను స్వీకరించారు. అంతకు ముందే మదీనా వెళ్ళి ముస్లిం అయిన మొదటి ఓమానీ, సమాయిల్ ఊరివాడైన మాజిన్ బిన్ గదూబా అని వారి చరిత్ర చెబుతుంది. ఆయన పేర మసీదు నేటికీ ఆ ఊళ్ళో వుంది.

మస్కట్‌లో మొదట సుల్తాన్ ఖాబూస్ పెద్ద మసీదు చూడాలి. 2001లో ప్రారంభమైంది. దాని కట్టడానికి మన దేశం నుంచి తెచ్చిన ఇసుకరాయిని వాడారు. లోపల ఒక్క పెద్ద హాలులోనే 6,500 మంది నమాజు చేయవచ్చు. ఇరాన్‌లో నేసిన తివాచీ పొడవు 70 మీటర్లు, వెడల్పు 60 మీటర్లు. మసీదులోకి వెళ్ళిన మనవాళ్ళు ఒక విషయం గమనిస్తారు. ఓమానీలలో ఇబాదీ మతశాఖవారు చాలామంది. వారు చేతులు కట్టకుండా, వదిలేసి నమాజు చదువుతారు. పక్కనే సున్నీలు చేతులు కట్టి నిలబడతారు. ఇద్దరిదీ ఒకే సఫ్, ఒకే ఇమాము. ఎవరూ ఎవరినీ వింతగా చూడరు. చిన్న చిన్న భేదాలకు మసీదులు వేరు చేసుకునే మన ఊళ్ళవాళ్ళు కళ్ళారా చూడవలసిన దృశ్యం యిది.

పాత మస్కట్ రేవుకు రెండువైపులా జలాలీ, మీరానీ అనే కోటలు కొండల మీద నిలబడి వుంటాయి. వాటికి ఆ రూపం ఇచ్చినవారు పోర్చుగీసులు, 1580 దశకంలో. 1507లో అల్బుకర్క్ ఓమాన్ తీరం మీద పడి మస్కట్‌ను తగలబెట్టాడు. ఆ తర్వాత దాదాపు నూట నలభై ఏళ్ళు రేవు పోర్చుగీసుల చేతిలోనే వుంది. 1650లో ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ వారిని వెళ్ళగొట్టాడు. ఈ విజయానికి సంబంధించి ఓమానీ చరిత్రకారుడు ఇబ్న్ రుజైక్ ఒక కథ రాశాడు. మస్కట్‌లో నరోత్తమ్ అనే హిందూ వర్తకుడు వుండేవాడట. పోర్చుగీసు అధికారి అతని కుమార్తెను బలవంతాన పెళ్ళాడాలని చూశాడు. నరోత్తమ్ గడువు అడిగి, కోటలో నీళ్ళు పాతబడ్డాయి, మందుగుండు పాడయింది, మార్చాలి అని నమ్మించి రెండూ బయటికి తీయించాడు. ఆ వెంటనే ఇమాముకు కబురు పంపాడు. కోట వశమయ్యాక ఇమాము అతని కుటుంబానికి జిజియా మాఫీ చేశాడు. కథలో చిలవలు పలవలు ఎన్ని వున్నా, ఒక పరాయి దేశపు వర్తకుడి మేలును ఓమానీలు తమ చరిత్రలో రాసి పెట్టుకున్నారన్నది నిజం.

ముత్రహ్ బజారులో తిరిగితే సాంబ్రాణి వాసన, ఓమానీ హల్వా, వెండి ఖంజర్లు కనబడతాయి. కచ్, సింధు ప్రాంతాల నుంచి తరాల క్రితం వెళ్ళిన వర్తకుల వంశాలవారు ఇక్కడ స్థిరపడ్డారు. పాత మస్కట్‌లో శివాలయం కూడా వుంది. చిల్లర ఇచ్చేటప్పుడు చూడండి, రియాలుకు వెయ్యి 'బైసా'లు. అది మన పైసాయే. 1970లో సొంత రియాలు వచ్చేవరకు ఓమాన్‌లో రూపాయి చెల్లేది. చివరి పదేళ్ళు చెల్లింది గల్ఫు కోసం మన రిజర్వు బ్యాంకు 1959 నుంచి ప్రత్యేకంగా వేసిన రూపాయి. నేడు మనం రియాలును రూపాయలలోకి మార్చి లెక్కపెట్టుకుంటున్నాం. అప్పట్లో వాళ్ళే మన రూపాయలు లెక్కపెట్టుకున్నారు.

నిజ్వా: నీళ్ళ లెక్క

మస్కట్ నుంచి సుమారు 160 కిలోమీటర్లు లోపలికి పోతే నిజ్వా వస్తుంది. ఇమాముల రాజధాని. పోర్చుగీసులను తరిమిన సుల్తాన్ బిన్ సైఫే ఇక్కడి గుండ్రని పెద్ద బురుజును కట్టించాడు. పన్నెండేళ్ళు పట్టిందంటారు. కోటలో ఖర్జూరాలు నిలవ వేసి వాటి పాకం తీసేవారు. తిండికి తిండి, శత్రువు తలుపు దాకా వస్తే మరిగించి పైనుంచి పోయడానికీ అదే. దగ్గరలోని బహ్లా కోట 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

కోటలకన్నా ముఖ్యంగా ఇక్కడ చూడవలసింది 'ఫలజ్'. కొండ అడుగున వున్న నీటిని వాలు మీదుగా, యంత్రం లేకుండా, సన్నని కాలువలో ఊరికి తెచ్చే ఏర్పాటు అది. ఇటువంటివి ఇప్పటికీ సుమారు మూడు వేలు పనిచేస్తున్నాయి. వాటిలో ఐదింటిని, నిజ్వాలోని ఫలజ్ దారిస్‌తో సహా, 2006లో యునెస్కో గుర్తించింది. నీరు ఊళ్ళోకి రాగానే మొదట తాగడానికి, తర్వాత మసీదుకు, ఆ తర్వాతే పొలాలకు. ఎవరి వంతు ఎంతసేపో పగలు నీడను బట్టి, రాత్రి నక్షత్రాలను బట్టి నిర్ణయించేవారు. ఈ లెక్క చూసేవాణ్ణి 'వకీల్' అంటారు. మన చెరువుల కింద నీరటి చేసే పనే. మన నీరటి పోయాడు, చాలాచోట్ల చెరువూ పోయింది. అక్కడి ఫలజ్ నిలిచింది. ఎందుకు నిలిచిందో మన పిల్లలు చూసి ఆలోచించాలి.

శుక్రవారం ఉదయం నిజ్వాలో మేకల సంత జరుగుతుంది. మన అంగడిలో మేక ఒకచోట నిలబడితే కొనేవాళ్ళు తిరుగుతారు. అక్కడ కొనేవాళ్ళు కూర్చుంటే అమ్మేవాళ్ళు మేకలను పట్టుకొని చుట్టూ తిరుగుతూ ధర కేక వేస్తారు. బక్రీదుకు బేరమాడినవారికి ఆ సందడి బాగా నచ్చుతుంది.

ఖల్హాత్, సూర్

తీరం వెంబడి తూర్పుగా వెళితే ఖల్హాత్ శిథిలాలు వస్తాయి. 14వ శతాబ్దం మొదట్లో ఈ రేవును బీబీ మరియమ్ అనే స్త్రీ పాలించింది. భర్త అయాజ్ మరణించాక ఆమె అధికారం చేపట్టింది. ఆమె కట్టించిన మసీదును ఇబ్న్ బతూతా చూసి మెచ్చుకున్నాడు. సూర్ నుంచి కాలినడకన వచ్చేసరికి అతని కాళ్ళు వాచిపోయాయి, దారి చూపే మనిషే దోచుకోవాలని చూశాడు. అంత కష్టపడి వచ్చినవాడు ఇక్కడ తిన్న చేపను మరచిపోలేదు. అన్నం మీద వేసుకొని తింటారనీ, ఆ బియ్యం హిందూ దేశం నుంచి వస్తుందనీ రాసుకున్నాడు. ఇక్కడి నుంచి మన దేశానికి గుర్రాలు ఎగుమతి అయ్యేవని మార్కోపోలో రాశాడు. బియ్యం అటు, గుర్రాలు ఇటు. 1508లో అల్బుకర్క్ ఈ పట్టణాన్ని నాశనం చేశాడు. నేడు గుమ్మటం కూలిన ఒక చిన్న కట్టడం మాత్రం బీబీ మరియమ్ పేరుతో నిలిచి వుంది. 2018లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

పక్కనే వున్న సూర్ పట్టణం ఓడలు కట్టేవారి ఊరు. 1980లో ఇక్కడ 'సుహార్' అనే ఓడను పాత పద్ధతిలో కట్టారు. మలబారు కలప, కొబ్బరి తాడు. పలకలకు మేకు కొట్టలేదు. తాడుతో కుట్టడానికి మన లక్షద్వీప్ నుంచి పనివాళ్ళు వెళ్ళారు. టిమ్ సెవెరిన్ నాయకత్వాన ఆ ఓడ నవంబరు నెలలో మస్కట్‌లో బయలుదేరి 1981 జూలైలో చైనాలోని కాంటన్ చేరింది. బయలుదేరిన నెల గమనించండి. పాత నావికుల లెక్కే అది. ఆ ఓడను మస్కట్‌లో ఒక కూడలిలో నిలబెట్టారు.

సలాలా

మస్కట్ నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరం. విమానంలో పోవడం మంచిది. అరటి, కొబ్బరి తోటలు చూస్తే కోనసీమలో దిగామా అనిపిస్తుంది. ఇబ్న్ బతూతా కూడా ఇక్కడ తమలపాకు, కొబ్బరి చూసి హిందూ దేశాన్ని తలచుకున్నాడు. కాలికట్టు నుంచి ఇక్కడికి తాను 28 రోజుల్లో వచ్చానని రాశాడు. అల్-బలీద్, ఖోర్ రోరీ శిథిలాలు సాంబ్రాణి వర్తకపు రేవులు. మన దర్గాలలో, గుళ్ళలో వేసే ధూపం సంగతి అక్కడ చెట్టు దగ్గర నిలబడి పిల్లలకు చెప్పవచ్చు.

చేదు సంగతులు

చరిత్ర చదివేవారు తీపి ఒక్కటే ఏరుకోకూడదు. 19వ శతాబ్దంలో సయ్యద్ సయీద్ బిన్ సుల్తాన్ తన దర్బారును ఆఫ్రికా తీరంలోని జాంజిబార్‌కు మార్చాడు. అక్కడి లవంగ తోటలు బానిసల చెమటతో పెరిగాయి. జాంజిబార్ బానిసల సంత 1873లో మూతబడింది. ఓమాన్‌లో బానిసత్వం చట్టరీత్యా పోయింది 1970లో. సయీద్ 1856లో చనిపోగా కొడుకులు తగవులాడారు. 1861లో తీర్పు చెప్పింది మన దేశాన్ని ఏలుతున్న వైస్రాయి కానింగ్. మస్కట్ ఒకరికి, జాంజిబార్ ఒకరికి పంచాడు. ఓమాన్ తలరాత కలకత్తాలో రాశారన్నమాట.

1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దె ఎక్కేనాటికి దేశం మొత్తం మీద మూడే బడులు, సుమారు 900 మంది విద్యార్థులు, అందరూ మగపిల్లలే. ఆ తర్వాత యాభై ఏళ్ళలో ప్రతి ఊరికీ బడి, రోడ్డు, ఆసుపత్రి వచ్చాయి. ఖాబూస్ 2020 జనవరిలో మరణించారు. ఆ బడులు, రోడ్లు, ఆసుపత్రులు కట్టిన చేతుల్లో మన చేతులూ వున్నాయి. ఈ సంగతి ఏ శిలాఫలకం మీదా వుండదు. మనమే పిల్లలకు చెప్పాలి.

ఏర్పాటు

ఎనిమిది రోజులు చాలు. మస్కట్ రెండు రోజులు, నిజ్వా, బహ్లా రెండు, ఖల్హాత్, సూర్ రెండు, సలాలా రెండు. నిజ్వా వెళ్ళే రోజు శుక్రవారం అయ్యేట్టు చూసుకోవాలి. సంత వుంటుంది. అంతకన్న ముఖ్యం, అక్కడ పనిచేసే మన పిల్లలకు చాలామందికి ఆ ఒక్కరోజే సెలవు. వారిని తప్పకుండా వెంట తీసుకుపోవాలి. వీసా నియమాలు మారుతుంటాయి గనుక టిక్కెట్టు కొనేముందే విచారించాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో అరేబియా సముద్రంలోనూ తుఫాన్లు పుడతాయి. 2021 అక్టోబరులో షాహీన్ తుఫాను ఓమాన్ ఉత్తర తీరాన్ని దెబ్బ తీసింది. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తెలిసిన మనకు వేరే చెప్పనక్కరలేదు. వాతావరణం చూసుకొని బయలుదేరాలి. సామానులో గొడుగు, మెత్తని చెప్పులు, ఒక నోటుపుస్తకం వుండాలి. పిల్లల చేత రోజూ చూసినవి రాయించండి.

మన వాళ్ళు ఓమాన్‌కు చేతులతో పనిచేయడానికి వెళ్ళారు. ఒకసారి కళ్ళతో చూడడానికి కూడా వెళ్ళాలి. కొడుకు కష్టపడుతున్న దేశం ఎటువంటిదో తల్లిదండ్రులకు తెలిస్తే వారి దువాలో ఆ దేశం పేరు కూడా చేరుతుంది. తాను నిలబడ్డ నేల మీదికి తన పూర్వులు కూడా ఓడలెక్కి వచ్చారని కొడుక్కు తెలిస్తే అతడు తలవంచుకొని నడవడు. ప్రయాణం పెట్టుకున్న సభ్యులందరికీ అల్లాహ్ సఫర్ సులభం చేయాలని, క్షేమంగా వతన్‌కు చేర్చాలని కోరుకుంటూ సెలవు.